మా అక్క నొక్కేసిన 'తర్వాత'

ఈ రోజు మా పెద్ద తోటికోడలు కొత్త ట్యాబ్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. రొయ్యల చెరువు కెమెరాలు చూసుకోవడానికి బావగారు కొన్నారట. చూడగానే నాకు కడుపు మండిపోయింది.

నా ట్యాబ్‌కి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అది సేఫ్ కాదని మా ఆయన అందులోంచి బ్యాంకు యాప్ తీసేశారు. కొత్తది అడిగితే, "వంటల వీడియోలకి ఇది చాలదేంటి?" అన్నారు.

అక్క ట్యాబ్ మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. మేం మాట్లాడుకుంటుండగానే అప్‌డేట్ వచ్చిందని తెర మీద కనిపించింది. ఆవిడ చటుక్కున 'తర్వాత' అని నొక్కేసింది.

"అదేంటక్కా, చెయ్యవా?"

"రోజూ ఇదే గోలమ్మా. చేస్తే మధ్యలో సీరియల్ ఆగిపోద్ది."

"చెయ్యకపోతే నీ కొత్తదీ నా పాతదీ ఒకటే అక్కా. పైగా నీ బ్యాంకు యాప్ అందులోనే ఉంది."

"అమ్మో! అయితే నువ్వే చేసిపెట్టమ్మా" అని ట్యాబ్ నా చేతిలో పెట్టేసింది.

చేసిపెట్టాను. అది పూర్తయ్యేదాకా, ఖాళీ కడుపుతో పెళ్లి భోజనాలు వడ్డిస్తున్నట్టే ఉంది నాకు.

మీ ఇళ్లలో కూడా ఇలా 'తర్వాత' నొక్కేవాళ్లు ఉన్నారాండీ? ఉంటే ఆ ట్యాబ్ నాకిచ్చెయ్యమనండి, నేను 'ఇప్పుడే' అని నొక్కుతాను.