వెనకగీత మీద పడిన షటిల్

ఇరవై ఏళ్లు దాటింది. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో. ఏడుపు రావడం లేదు. మోసి మోసి లోపల ఆ చోటు మొద్దుబారిపోయింది.

నేను బ్యాడ్మింటన్ కోచ్‌ని. అంతకుముందు, తొంభైల చివర్లో, రాష్ట్ర జట్టుకు ఆడాను. ఆ జట్టులో చోటు నాది కాదు. స్వరూపది.

స్వరూప వాళ్లది రాయదుర్గం. మాదాపూర్‌లో అప్పుడే లేస్తున్న అద్దాల మేడల దగ్గర వాళ్ల నాన్న రాళ్లు కొట్టేవాడు. మేం మదీనాగూడలో ఉండేవాళ్లం, మా నాన్నగారిది ప్రభుత్వోద్యోగం. నా పాత రాకెట్ ఆమెకు ఇచ్చింది నేనే. మూడేళ్లలో నన్ను మించిపోయింది. సంతోషించానా? పైకి సంతోషించాను. ఈసారి జట్టులోకి రాకపోతే ఆట మాన్పించి పనిలో పెడతానని వాళ్ల నాన్న అన్నాడట. అదీ నాకు తెలుసు. తెలిసే చేశాను.

మా ఎంపిక పోటీల్లో మనుషులు చాలేవారు కాదు. ఓడినవాళ్లే తర్వాతి ఆటకు గీత దగ్గర కూర్చుని షటిల్ లోపల పడిందో బయట పడిందో చెప్పాలి, అదే అలవాటు. ఆ రోజు నేను ఓడి కూర్చున్నాను. స్వరూప గెలిస్తే చివరి చోటు ఆమెది, ఓడితే నాది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఇంకొక్క పాయింటు వస్తే గెలుస్తుంది. ఎత్తుగా కొట్టింది. షటిల్ నా కాళ్ల ముందే వెనకగీత మీద పడింది. తెల్లరంగు మీద కార్కు తగలడం స్పష్టంగా చూశాను. రెండు చేతులూ బార్లా చాపాను, బయట అని.

ముందే అనుకున్నానా? లేదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఏమీ అనుకోని మనిషి చేతులు ఒక్క క్షణమైనా తటపటాయించకుండా అంత తొందరగా ఎలా లేస్తాయి?

స్వరూప నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, గీత మీద పడలే?"

"బయట పడింది. నేను చూశాను."

"నువ్వు చూసినవంటే గంతే ఇగ."

అంపైర్‌ను అడగనైనా అడగలేదు. వెళ్లి మళ్లీ ఆడింది. ఓడిపోయింది.

ఆ జట్టు సర్టిఫికెట్ చూసే మరుసటి ఏడు ఓ కంపెనీ క్లబ్బులో నన్ను కోచ్‌గా పెట్టుకున్నారు. ఆ కంపెనీ మేడలోనే స్వరూప నీలం యూనిఫారంలో నేల తుడుస్తూ కనిపించింది. నన్ను చూసి నవ్వింది. నేను గబగబా లిఫ్ట్ ఎక్కేశాను. రెండు నెలల తర్వాత ఆమె కనిపించలేదు. ఎక్కడికి వెళ్లిందని ఎవరినీ అడగలేదు.

గీత మీద పడితే లోపల పడినట్టే. నా దగ్గరికి వచ్చే పిల్లలకు మొదటిరోజు చెప్పేది ఇదే. చెప్పేటప్పుడు గొంతు వణకదు. వణికితే బాగుండుననిపిస్తుంది.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆ రోజు చెప్పాల్సిన మాట ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

లోపలే పడింది స్వరూపా. నేను చూశాను.