కకిరిగుమ్మలో దిగిపోయిన రిజిస్టరు

ఆ రోజుల్లో నాకు భయపడడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్లు, రాయగడలో ఒక డీటీపీ షాపులో తెలుగు, ఒడియా టైపు చేసే కొత్త ఉద్యోగం. కోరాపుట్‌లో ఒక రిటైరైన మాస్టారు ఈ కొండల్లో చర్చిల చరిత్ర రాస్తుండేవారు. ఊరూరా నడిచి పాత బాప్తిస్మాల రిజిస్టర్లు వెతికేవారు, ముసలివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించేవారు (మా షాపులో ఆయన పేరు రిజిస్టర్ల మాస్టారు). ఒకరోజు నన్ను కోరాపుట్ పిలిపించి, టైపు చెయ్యమని అన్నిటికంటే పాత రిజిస్టరు గుడ్డలో చుట్టి, బట్టల షాపు సంచిలో పెట్టి ఇచ్చేరు. "జాగ్రత్తమ్మీ, దీనికి రెండో కాపీ లేదు" అన్నారు.

తిరుగు రైల్లో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, పక్కావిడ అందులో బంగారం గాని ఉందా అని అడిగింది. ఆవిడదీ అదే షాపు సంచి. కకిరిగుమ్మలో బండి ఆగేది కాసేపే. ఆవిడ సంచి మర్చిపోయి కంగారుగా దిగిపోతుంటే, నాది సీటు మీద పెట్టి, పాపం అని కిటికీలోంచి సంచి అందించేను (అవును, నా చేతుల్తో నేనే). షాపుకొచ్చి విప్పి చూస్తే అల్లం. సరిగ్గా అప్పుడే మాస్టారి ఫోను. క్షేమంగా చేరేవా, పుస్తకం బాగుందా అని అడిగేరు. ఒక చేత్తో అల్లం పట్టుకుని, భద్రంగా ఉందండీ అన్నాను.

మర్నాడు తెల్లారే అల్లం సంచితో కకిరిగుమ్మలో దిగేను. సంతలో కనపడ్డవాళ్లందరినీ అల్లం అమ్మే ఆవిడ గురించి అడిగేను. అక్కడ సగం మంది అమ్మేది అల్లమే. ఇద్దరు నా సంచికి బేరం కూడా పెట్టేరు. ఎండెక్కేక ఆవిడ ఇల్లు దొరికింది. అరుగు మీద ఆవిడ మావగారు, ఒళ్లో మా రిజిస్టరు. అందులో ఒక వరస మీద వేలు పెట్టి కదలకుండా కూర్చున్నాడు. ఇవ్వమని అడిగితే తలెత్తలేదు.

"ఇది మాయమ్మ పేరమ్మీ. ఇన్నాళ్లూ పిలవడమే గాని, రాసుండగా ఎప్పుడూ సూడ్లేదు."

ఇంకేం లాక్కోను? మాస్టారికి ఫోను చేసి, అల్లంతో సహా అంతా ఒప్పేసుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఆయన పక్కన కూర్చో. సెప్పింది సెప్పినట్టు రాసుకో. నేనొస్తన్నాను" అన్నారు.

వచ్చేరు. రెండురోజులు ఆ అరుగు మీదే కూర్చుని, నన్ను తిట్టడం మర్చిపోయేరు. ఆ తల్లి కథ ఆయన పుస్తకంలో ఒక అధ్యాయమైంది.

కిందటేడు మాస్టారు పోయేరు. సంస్మరణ సభలో పెద్దపెద్దవాళ్లు ఆయన పరిశోధన గురించి మాట్లాడేరు. కాఫీల దగ్గర ఒకాయన, మీరు కూడా చరిత్ర చదువుకున్నారా అని అడిగేరు. లేదండీ, టైపు చేసేను అన్నాను. ఒకప్పుడు ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉండేది. అల్లం సంచితో సంతంతా తిరిగిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటూ, ఇంకో కప్పు కాఫీ అడిగేను.