వాల్టర్ గారి తుపాకీకి నేను చేసిన పూజ

కూర్చోండి, టీ చల్లారకముందే చెప్పేస్తాను. వానకీ బురదకీ రెండు తరాల మొరటు చేతులకీ లొంగని తుపాకీ ఒకటి మొన్న నా భక్తికి లొంగిపోయింది. నవ్వండి, పర్లేదు. ఎవరికి చెప్పినా నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా ఆ నవ్వు నిలవదు, అంతే.

ప్లేనోలో మా పక్కింట్లో వాల్టర్ గారని ఉండేవారు. మేం ఇల్లు కొన్న రోజునే కంచె మీదుగా పీచ్ పళ్ళ బుట్ట అందించిన మనిషి. రిటైరయ్యాక ఆయనకి రెండే పనులు. నా లాన్‌కి వంకలు పెట్టడం, శనివారాలు నన్ను ఊరవతల తన పొలానికి తీసుకెళ్ళి, గాల్లోకి ఎగరేసిన మట్టి బిళ్ళల్ని కాల్పించడం. నేను చీమని తొక్కినా లెంపలేసుకునే రకాన్ని. మట్టి బిళ్ళకి ప్రాణం ఉండదు కదా అని వెళ్ళేవాణ్ణి. తగిలినవి తక్కువ, కబుర్లు ఎక్కువ.

ఆయనది డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ; తూటాలు పెట్టాలంటే కీలు దగ్గర మధ్యకి విరిచి, మళ్ళీ మూయాలి. వాళ్ళ నాన్న హార్డ్‌వేర్ షాపులో మేకులతో పాటు కొన్నారట, అంత చవకది. పొలానికొచ్చే ఫ్రెండ్స్ దాన్ని చూసి, "ఇలాంటివి నాలుగు సీజన్లకే కీలు వదులైపోయి గొట్టాలు గడగడలాడతాయి" అనేవారు. వాల్టర్ గారు గొట్టాలు పట్టుకుని ఊపి చూపించేవారు. కదిలేవి కావు.

"చవక తుపాకీ రెండే అడుగుతుంది ప్రసాద్. మూసేటప్పుడు తలుపు వేసినట్టు ధడాల్న మూయకూడదు. ఒంటికి నూనె ఆరకూడదు. ఈ రెండూ చూసుకుంటే ఇది నాకంటే ఎక్కువ బతుకుతుంది" అనేవారు.

అలాగే బతికింది. సమ్మర్ చివర్లో ఆయనకి గుండెపోటు. పొద్దున నా లాన్‌కి నీళ్ళు చాలట్లేదని చెప్పి వెళ్ళిన మనిషి, మధ్యాహ్నానికి లేరు.

ఆయన భార్య మార్జీ గారు కూతురింటికి మారిపోతూ ఆ తుపాకీ నా చేతిలో పెట్టారు. "అక్కడ చిన్నపిల్లలున్నారు, తీసుకెళ్ళలేను. నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు శనివారం పొలంలో ఆయన చితాభస్మం వాగులో కలుపుతాం. వాళ్ళ నాన్న పోయినప్పుడు అన్నదమ్ములిద్దరూ దీంతోనే రెండు గొట్టాలూ గాల్లోకి పేల్చి సాగనంపారు. ఈయనకి తమ్ముడు డేల్ కాలుస్తాడు. అప్పటిదాకా భద్రంగా ఉంచు" అన్నారు.

మధ్యలో దసరా వచ్చింది. ఇన్నేళ్ళూ ఆయుధ పూజంటే నాకు లాప్‌టాప్, లాన్ మూవర్, కారు. దుర్గమ్మ ముందు కీబోర్డుకి బొట్టు పెట్టి ఆయుధం అనాలంటే లోలోపల కాస్త సిగ్గుగానే ఉండేది. ఈసారి ఇంట్లో అసలైన ఆయుధం ఉంది. పైగా పోయిన స్నేహితుడిది. ఆయన్ని తలుచుకుని చేద్దామనిపించింది.

లోపల తూటాలు లేవని ముందు చూసుకున్నాను, అది ఆయన నేర్పిందే. తీరా చూస్తే ఒళ్ళంతా నూనె జిడ్డు. అమ్మవారి పీట మీద జిడ్డు వస్తువు ఎలా పెడతాం?

"ఏమండీ, దాన్ని గిన్నెల సోపుతో తోముతున్నారేంటి?" అంది మా ఆవిడ పద్మ.

"శుద్ధి."

"నా ఇనప దోసె పెనాన్ని అలా తోమితే నేను ఊరుకుంటానా?"

"పెనం వేరు, ఇది వేరు."

వేరు కాదు. కీలు మీద తడిగంధం, గంధం మీద కుంకుమ. గొట్టాల నోట్లో చెరొక బంతిపువ్వు. కొబ్బరికాయ కొడితే నీళ్ళు చిందాయి, తీర్థం కదా అని తుడవలేదు. మర్నాడు నా పట్టుపంచెలో గట్టిగా చుట్టి, క్లోజెట్‌లో పెట్టి తాళం వేశాను. రోజూ ఆ తలుపుకి దణ్ణం పెట్టుకున్నాను గానీ, లోపల ఏం జరుగుతోందో తెరిచి చూడాలని తోచలేదు.

ఆ శనివారం వాగు ఒడ్డున హ్యాట్లు పెట్టుకుని బోలెడంతమంది. మార్జీ గారు భస్మం నీళ్ళలో కలిపారు. డేల్ నా వైపు చెయ్యి చాచాడు. పంచె విప్పాను. తుపాకీ ఎర్రగా ఉంది. కుంకుమ అనుకున్నాను. తుప్పు.

తూటాలు పెట్టడానికి డేల్ దాన్ని మధ్యకి విరవబోయాడు. కదల్లేదు. మోకాలికి ఆనించి నొక్కితే కీచుమంటూ తెరుచుకుంది, మళ్ళీ మూసుకోలేదు. గొట్టంలోంచి ఎండు రేకులు రాలాయి.

"ఏంటివి?"

"బంతిపువ్వు."

"గొట్టంలో పువ్వెందుకు?"

చెప్పాను. దసరా, అమ్మవారు, సోపు, అన్నీ. జనం చుట్టూ ఉంటే నాకు మాట వరదలా వస్తుందని మీకు తెలుసుగా. ఆ రోజు నేల చూస్తూ ఒక్కో మాటే చెప్పాను.

డేల్ గొట్టాల్లోంచి వెలుతురు చూసి తల అడ్డంగా ఊపాడు. "లోపలంతా గుంటలు పడ్డాయి. ఇది కాలిస్తే నేనూ ఇవాళే అన్న దగ్గరికి పోతాను. నాన్న దీన్ని ఒకసారి ఈ వాగులోనే పడేసి మర్నాడు వెతికి తీశాడు, ఏమీ కాలేదు. మీ దేవత గట్టిది ప్రసాద్" అన్నాడు.

తన ట్రక్కులో మంచి తుపాకీ ఉంది, తెస్తానన్నాడు. మార్జీ గారు వద్దన్నారు. "ఆయనకి ఇదే. ఇది కాకపోతే ఏదీ వద్దు."

వాగు పారుతోంది. ఒక మంచి మనిషి సాగనంపే చప్పుడు కూడా లేకుండా వెళ్ళిపోతున్నాడు, నా వల్ల.

కాసేపటికి మార్జీ గారే నా దగ్గరికొచ్చారు. "మీవాళ్ళు ఏదో మంత్రం చదువుతారు కదా. తుపాకీ బదులు అది చదువు. గట్టిగా, అవతలి ఒడ్డుకి వినపడాలి."

ముందుకెళ్ళి చేతులు జోడించాను. పోయినవాళ్ళకి ఏం చదవాలో తెలియక కాదు. కానీ మా గుడిలో మైకు పట్టుకుని పుట్టినరోజు పిల్లల్ని దీవించే డ్యూటీ నాది. కళ్ళ నిండా నీళ్ళు, ఎదురుగా అంతమంది. నోరు తనకి అలవాటైందే పలికింది. అవతలి ఒడ్డుకి వినపడేలా, "దీర్ఘాయుష్మాన్ భవ" అన్నాను.

అందరూ హ్యాట్లు తీసి "ఆమెన్" అన్నారు.

"ఎంత బావుందో. అర్థమేంటి?" అడిగారు మార్జీ గారు.

అబద్ధం చెప్పొచ్చు. భస్మం ఇంకా నీళ్ళ మీద తేలుతోంది, నోరు రాలేదు. "నిండు నూరేళ్ళు బతకమని."

ఆవిడ వాగు వైపు తిరిగారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. తర్వాత రెండూ.

"సమ్మర్‌లో చెప్పాల్సింది ప్రసాద్" అన్నారు.