రాళ్ల సుంకన్న ఇల్లు వెతికిన సంగతి

పెనుకొండ చుట్టుపక్కల ఏ చేలోనైనా సుంకన్న గడ్డపార దించి నిలబడ్డాడంటే, ఆ పొద్దునుంచి అది చేను కాదు, వెంచరు. అంతకు ముందురోజు దాకా ఎకరాల్లో మాట్లాడుకున్న నేలని జనం సెంట్లలో మాట్లాడుకోవడం మొదలుపెడతారు. అతను చేసే పని మాత్రం చిన్నదే. టేపు పట్టి, దారం లాగి, మూల కుదిరినచోట గుంత తవ్వి హద్దురాయి దించడం, చుట్టూ రాతిచెక్కలు దిగ్గొట్టడం, రాయి నెత్తిన పసుపు రంగు పూసి నంబరు వేయడం. ముప్పయ్యేళ్లుగా అదే పని. మొదట్లో ఏడాదికి రెండు మూడు చోట్ల పిలిచేవాళ్లు. కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక నడుము ఎత్తే తీరిక లేకుండా పోయింది. ఆమడగూరు నుంచి అగళి దాకా అతను నాటిన రాళ్లు పదివేలకు తక్కువ ఉండవు. పేరే రాళ్ల సుంకన్న అయిపోయింది.

ఆ పదివేల రాళ్లలో నాలుగు కూడా అతని ఇంటివి కావు.

పెనుకొండలో తిమ్మరాజు ఇంట్లో ఇరవై రెండేళ్లుగా బాడుగకు ఉంటున్నాడు. చేరినప్పుడు ఆరువందలు. తిమ్మరాజు మంచివాడు, పెంచినప్పుడల్లా ముఖం బాధగా పెట్టి పెంచేవాడు. మొన్న మార్చిలో ఒకనాటి పొద్దున వచ్చి, సుంకన్న భార్య ఎస్తేరమ్మ ఇచ్చిన కాఫీ తాగి, గోడల వంక మెచ్చుకోలుగా చూశాడు.

"మీరు పెట్టుకున్నంత శుభ్రంగా ఎవరూ పెట్టుకోరమ్మా. ఈ ఇల్లు ఇంత బాగుండాదంటే మీ చేతి చలవే. అందుకే ఫ్యాక్టరీ పిల్లోళ్లు నలుగురు చూసి, పద్నాలుగు వేలిస్తామంటాండారు."

"అంటే మేం బాగా ఊడ్చినామని మమ్మల్నే ఊడుస్తాండావా రాజన్నా?" అంది ఎస్తేరమ్మ.

తిమ్మరాజు రెండో కాఫీ అడగలేదు. మే నెలాఖరు దాకా గడువిచ్చి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర ఎస్తేరమ్మ తేల్చేసింది. ఇంక బాడుగ ఇల్లు వద్దు. ఇరవై రెండేళ్లు ఒకరి గోడలకు సున్నం కొట్టింది చాలు. అంగన్‌వాడీలో ఆయాగా చేసి ఆమె కూడబెట్టింది, అతని కూలిలో మిగిల్చింది, అంతా కలిపితే తొమ్మిది లక్షలు. "తొమ్మిది లక్షలకు తలమీద కప్పు దొరకదా? పదివేల మందికి జాగా చూపించినావు, మనకొకటి చూడు" అంది.

సుంకన్న మజ్జిగ పోసుకున్నాడు. మాట్లాడితే పాత సంగతి బయటికొస్తుందని భయం. పదమూడేళ్ల కిందట హిందూపురం బ్రోకరు విజయ్ కుమార్, కూలి దుడ్లు లేక, ఒక ప్లాటు రాసిస్తానన్నాడు. "రాళ్లు తిని బతుకుతానా సార్, కూలి ఇయ్యండి" అని గట్టిగా అడిగి తెచ్చుకున్నాడు సుంకన్న. అప్పుడది తెలివి అనిపించింది. ఇప్పుడు ఆ ప్లాటు నలభై లక్షలు. ఏడాదికి రెండుసార్లు, మాట ఎటు పోయినా, ఎస్తేరమ్మ ఆ ప్లాటు మీదుగా వెళ్లి వస్తుంది.

ముందు ఆ విజయ్ కుమార్ దగ్గరికే వెళ్లారు. అతను హిందూపురంలో మూడో అంతస్తులో ఒక ఇల్లు చూపించాడు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక బాల్కనీ. బాల్కనీలో నిలబడి చెయ్యి చాపితే పక్కింటివాళ్ల కిటికీలో ఆరేసిన టవలు అందుతుంది.

"ముప్పై రెండు లక్షలు. మీరు కాబట్టి ముప్పై ఒకటిన్నర" అన్నాడు.

"ఇంత గదికి యాల సార్ అంత?"

"బెంగళూరికి దగ్గర కదప్పా."

"మాకు బెంగళూరులో పనేముండాది?"

"పని లేకున్నా దగ్గరే కదా. ఆ దగ్గరతనానికి దుడ్లు ఇచ్చుకోవల్ల."

కిందికి దిగేటప్పుడు ఎస్తేరమ్మ మెట్లు లెక్కపెట్టింది. "యాభై నాలుగు. బియ్యం మూట నువ్వే మోయాల, గుర్తు పెట్టుకో" అంది. అంతటితో హిందూపురం అయిపోయింది.

తర్వాత ధర్మవరం. ఒక నేతగాడు మగ్గం మానేసి ఇల్లు అమ్ముతున్నాడని విని పోయారు. ముందుగదిలో మగ్గం తీసేశారు గానీ, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత అలాగే ఉంది. సుంకన్న ఆ గుంత అంచున నిలబడి, "దీన్ని పూడ్చుకోవాలంటే ఒక ట్రాక్టరు మట్టి పడతాది" అన్నాడు.

"పూడ్చడమా?" ఆ ఇంటాయన నొచ్చుకున్నాడు. "అది సెల్లారు. రేటు దాంతో కలిపే చెప్తాండా."

పదకొండు లక్షలు చెప్పాడు. ఎస్తేరమ్మ లాగి లాగి తొమ్మిదిన్నరకు తెచ్చింది. ఆఖరున ఆయన మర్యాదకు, "నీ పేరేమప్పా?" అని అడిగాడు. సుంకన్న పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "రాళ్ల సుంకన్నవా? ఈ పక్క వెంచరు పడతాందా? ముందే చెప్పొద్దా!" అని లోపలికి పోయి, పెళ్లాంతో గుసగుసలాడి వచ్చి, పదమూడు అన్నాడు.

బస్సులో ఎస్తేరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ధర్మవరం దాటి ఆరు మైళ్లు వచ్చినాక ఇటు తిరిగి, "నీకు వేరే పేరు లేదా?" అని అడిగింది.

ఇళ్ల ధరల సంగతి అంతే మరి. పట్నంలో పట్నం కాబట్టి పెరుగుతుంది, పల్లెలో రేపు పట్నం అవుతుందేమోనని పెరుగుతుంది. మధ్యలో ఉన్నవాడికి నిలబడే జాగా లేదు.

ఏప్రిల్ మూడోవారంలో గుట్టకిందపల్లి కబురు వచ్చింది. పెనుకొండకు పది కిలోమీటర్లు. రామాంజనేయులు అనే రైతు ఊరి మొదట్లో ఉన్న తన చిన్న మిద్దె అమ్ముతున్నాడు. రెండు గదులు, ముందు వసారా, వెనక పెరడు, మూడు సెంట్లు. ఆయన కుటుంబానికి ఆ ఊళ్లో నాలుగు తరాల భూములున్నాయి. కానీ భార్య వసుంధరకు హిందూపురంలో అపార్ట్‌మెంటు కావాలి. దానికి అడ్వాన్సు కట్టేశాడు, మిగతాది కూడదీస్తున్నాడు.

ఈసారి ఎస్తేరమ్మ గట్టి కట్టుదిట్టం చేసింది. గడ్డపార ఇంట్లో పెట్టించింది. టేపు, దారపు ఉండ దాచేసింది. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడిగించింది. "నువ్వు నోరు తెరవొద్దు. చెయ్యి కదపొద్దు. నా మొగునివి, అంతే. ఇంకేం కాదు."

"సరే" అన్నాడు సుంకన్న.

ఇల్లు ఇద్దరికీ నచ్చింది. గోడలు మందం, లోపల చల్లన. పెరట్లో కరివేపాకు చెట్టు. ఎస్తేరమ్మ వంటిల్లు చూసి, ఏ మూల ఏం పెట్టాలో మనసులో సర్దేసుకుందని సుంకన్నకు ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. రామాంజనేయులు పది అన్నాడు. ఆమె ఎనిమిది అంది. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. అరగంటలో తొమ్మిది దగ్గర మాట ఆగింది.

"సరేమ్మా, తొమ్మిదే. సోమవారం వచ్చి అడ్వాన్సు ఇచ్చిపొండి" అన్నాడాయన.

ఆ అరగంట సుంకన్న పెరట్లో ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బుద్ధిమంతుడిలా. పెరటి మూలన ఒక పాత హద్దురాయి పక్కకు ఒరిగి ఉంది. ముందు దాన్ని చూడనట్టే తిరిగాడు. రెండోసారి అటువైపు వచ్చినప్పుడు పాదంతో కొంచెం నెట్టాడు. పన్ను కదిలినట్టు కదిలింది. ఎవడు నాటాడో, చెక్కలు లేకుండా ఒట్టి మట్టి తోసేసి పోయాడు. సుంకన్నకు ఒళ్లు మండింది. అటూ ఇటూ చూశాడు. రాయిని నిటారుగా ఎత్తి పట్టి, నాలుగు రాతిచెక్కలు ఏరి, ఒక గుండ్రాయితో చుట్టూ దిగ్గొట్టాడు. వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశాడు. గీత గీసినట్టు నిలబడింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ముప్పయ్యేళ్లలో రాయి నిలబెట్టి నంబరు వేయకుండా ఎప్పుడూ వదల్లేదు. తెల్ల చొక్కా అయినా జేబు జేబే కదా, అందులో సుద్దముక్క ఉంది. చెయ్యి దానంతటదే తీసింది. రాయి నెత్తిన 1 అని వేసింది.

గోడ అవతల నుంచి తిప్పేస్వామి అనే పక్కింటాయన అదంతా చూసి, రాళ్ల సుంకన్నని పోల్చుకున్నాడు. వాళ్లు బస్సెక్కేలోపే ఆ ఊరికి ఒకటో నంబరు పడిందన్న మాట వీధి చివరికి చేరింది. ఒకటి పడితే రెండు పడకుండా ఉంటుందా?

సాయంత్రం ఆరింటికి రామాంజనేయులు ఫోన్ చేశాడు. "ఎస్తేరమ్మా, సోమవారం రావద్దండి. పద్నాలుగు అయితేనే మాట్లాడదాం. మీ ఆయన ఎవరో ముందే చెప్పి ఉంటే బాగుండేది."

ఎస్తేరమ్మ ఫోన్ కింద పెట్టి భర్తను చూసింది. అతను చొక్కా జేబు తడుముకుంటున్నాడు.

"ఏం చేసినావు?"

"రాయి ఒరిగింది."

"ఒరిగితే?"

"నిలబెట్టినా."

"నిలబెడితే?"

సుంకన్న సుద్దముక్క తీసి చూపించాడు. ఆమె దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసి, అన్నం వండకుండా పడుకుంది.

మర్నాడు సుంకన్న ఒక్కడే గుట్టకిందపల్లి వెళ్లాడు. "అన్నా, వెంచరు గించరు ఏం లేదు. అలవాటు పొరపాటు. నా బుద్ధి గడ్డి తినింది" అని ఉన్నమాట చెప్పాడు. రామాంజనేయులు నవ్వి భుజం తట్టాడు. "ఎవరూ చెప్పరులేప్పా ముందే. కంపెనీ వాళ్లు చెప్పొద్దన్నారు కదా? నాకర్థమవుతాది." తిప్పేస్వామి కూడా గోడ మీదుగా తల పెట్టి, "ఊరికే రాయి నాటేదానికి తెల్ల చొక్కా వేసుకుని వస్తారా?" అన్నాడు. నిజం మాటకు ఎంత విలువ ఉందో సుంకన్న ఆ పొద్దు తెలుసుకున్నాడు. ఎవరూ కొనలేదు.

మే నెల వచ్చింది. గుట్టకిందపల్లిలో పదిహేడు ఇళ్లు అమ్మకానికి వచ్చాయి. తిప్పేస్వామి తన గడ్డివామి జాగాకు కూడా సెంటు మూడు లక్షలు చెప్పాడు. కొనేవాళ్లు మాత్రం రాలేదు. ఒకసారి హిందూపురం నుంచి కారులో నలుగురు వచ్చి, వెంచరు యాడని అడిగారు. రాయి చూపిస్తే, దాని పక్కన నిలబడి ఫోటో దిగి పోయారు. అటు హిందూపురంలో అపార్ట్‌మెంటు కట్టేవాళ్లు రామాంజనేయులుకు పదిహేను రోజులకొకసారి ఫోన్ చేసి, రేటు యాభై వేలు పెరిగిందని సంతోషంగా చెబుతున్నారు. వసుంధరమ్మ అప్పటికే కొత్త ఇంటికి కర్టెన్లు కొనేసింది.

ఇటు ఎస్తేరమ్మ గిన్నెలు గోనెసంచుల్లో కడుతోంది. ఎక్కడికో తెలియదు. తిమ్మరాజు రెండుసార్లు వచ్చి, గుమ్మం బయటే నిలబడి, బాగున్నారా అని అడిగి వెళ్లాడు.

మే ఇరవై మూడున రామాంజనేయులు పెనుకొండకు వచ్చాడు. చేతిలో మామిడిపళ్ల సంచి. బాగా చిక్కాడు.

"సుంకన్నా, ఒక పని చేసిపెట్టల్లప్పా. మా ఇంటి చుట్టూ ఇంగో ఇరవై రాళ్లు నాటు. కూలి రెండింతలిస్తా."

"దేనికన్నా?"

"ఒక రాయి చూసి ఎవరూ నమ్మల్యా. ఇరవై ఉంటే నమ్ముతారు."

సుంకన్న మనసులో లెక్క వేసుకున్నాడు. రెండింతల కూలి. రాయి ఇతనిది, నేల ఇతనిది, అడిగేది ఇతనే. తప్పేముంది అనుకోవచ్చు. కానీ అనుకోలేకపోయాడు.

"హద్దు ఉన్నచోట రాయి నాటుతానన్నా. లేనిచోట నాటితే, రేపు నేను నిజంగా నాటిన రాయిని కూడా ఎవరూ నమ్మరు. ఆ ఒక్కటి నాటిందానికే ఈడ నాకు కూడు పుట్టడంలా."

రామాంజనేయులు తల పట్టుకున్నాడు. "మరి నా ఇల్లు ఎవరు కొంటారప్పా?"

వంటింట్లోంచి ఎస్తేరమ్మ గొంతు వచ్చింది. "నెలరోజుల నుంచి మూటలు కట్టుకుని కూర్చున్నోళ్లు ఈడ ఇద్దరుండారు కదన్నా. ఊరంతా అమ్మేవాళ్లే అయితే, కొనేవాళ్లం మేమే మిగిలినాం."

ఆయన పన్నెండు అన్నాడు. ఆమె బయటికి కూడా రాలేదు. పదకొండు అన్నాడు. లోపల గిన్నె కడిగిన చప్పుడైంది. పది అన్నాడు. "మామిడిపళ్లు బాగుండాయా, పుల్లగుండాయా అన్నా?" అని అడిగింది. చివరికి తొమ్మిది లక్షల పాతికవేల దగ్గర, పెరట్లోని రోలు వదిలిపెట్టే షరతు మీద, మాట కుదిరింది. ఆ పాతికవేలు వసుంధరమ్మ కర్టెన్లకు అని ఎస్తేరమ్మ దయతలిచింది. దానికి తన చెవి కమ్మలు కుదువ పెట్టింది.

మే ముప్పైన రిజిస్ట్రేషను. ఆఫీసు బయట చెట్టుకింద దస్తావేజు రాసే రైటరు కంప్యూటరు ముందు కూర్చుని, పేర్లు, సర్వే నంబరు కొట్టుకుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"చతుర్హద్దులు చెప్పన్నా. తూర్పున ఏముండాది?"

ఎన్ని వందల జాగాలకు ఆ నాలుగు మాటలు సుంకన్నే చెప్పి రాయించాడో. కళ్లు మూసుకుని చెప్పగలడు. నోరు తెరిచాడు. మాటకు బదులు చెయ్యి జేబులో సుద్దముక్క కోసం తడుముకుంది.

"తూర్పు అన్నా, తూర్పు" అన్నాడు రైటరు. "పొద్దు పొడిచే పక్క."

ఎస్తేరమ్మ అతని ముఖం ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకుంది. "రాసుకో నాయనా. తూర్పున రస్తా. పడమర తిప్పేస్వామి ఇల్లు. దక్షిణం రామాంజనేయులన్న కల్లం. ఉత్తరం ఊరి దారి." ఆగి, తనకు తానే అన్నట్టు, "మధ్యలో మేము" అంది.

"మధ్యలోది రాయరమ్మా" అన్నాడు రైటరు.

సుంకన్న కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. "ఇంగోసారి చెప్పు" అన్నాడు భార్యతో.

"యాల? సరిగ్గానే రాసుకున్నాడు కదా."

"నాకు చెప్పు. నిదానంగా."

"అన్నా, బయట ఇరవైమంది ఉండారు" అన్నాడు రైటరు. కానీ ఎస్తేరమ్మ అప్పటికే తూర్పు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.