ముందు ఎవరి గేదెకి వచ్చింది

నాలుగేళ్ల కిందట నేను పామర్రుకీ గుడివాడకీ మధ్య ఒక పల్లెలో పశువైద్యురాలిగా పనిచేసేదాన్ని. ఊరంతా వరి, ఇంటికి రెండు మూడు గేదెలు. ఆ ఏడు శ్రావణం వెళ్లాక దివిసీమలోని ఒక లంక నుంచి పదకొండు కుటుంబాలు ఆ ఊరికి వచ్చాయి. వాళ్ల లంకని కృష్ణ ఏటేటా కోస్తూ కోస్తూ ఆ ఏటి వరదకి ఒక ఇళ్ల వరసనే తీసుకుపోయింది. సామాను వదిలేసుకున్నా, గేదెల్ని మాత్రం ఎలాగో ఈదించి ఒడ్డుకి చేర్చుకున్నారు.

ఊరు వాళ్లని బాగానే చూసింది. సాంబశివరావుగారనే రైతు కాలవగట్టు పక్కన ఖాళీగా ఉన్న తన స్థలంలో గుడిసెలు వేసుకోమన్నారు. వాములోంచి గడ్డి ఇచ్చారు. చర్చివాళ్లు వారం రోజులు వండి పెట్టారు. ఆడవాళ్లని కలుపుతీతకి పిలిచారు.

వచ్చినవాళ్లలో నాకు ముందుగా పరిచయమైంది నాంచారమ్మ. అరవై దాటిన మనిషి, భర్త లేడు. ఒక పాడిగేదె, దాని దూడ. రోజూ పాలకేంద్రానికి వచ్చి, తిరిగి వెళ్తూ ఆసుపత్రి అరుగు మీద కాసేపు కూర్చునేది. ఇక్కడి గడ్డి తన గేదెకి పడిందనీ, పాలు పెరిగాయనీ సంబరంగా చెప్పేది.

ఆరు వారాలు గడిచాక గాలికుంటు వచ్చింది. మేం ఎఫ్‌ఎండీ అంటాం. జ్వరం, నోట్లోనూ డెక్కల సందునా పొక్కులు, తీగలు సాగే చొంగ. పెద్ద పశువులు చాలావరకు బతుకుతాయి గానీ పాలు పడిపోతాయి. లేగదూడల గుండెకి పాకితే నిలబడ్డచోటే కూలిపోతాయి. దీనికి ఏటా టీకాలు వేస్తాం. ఊరి గేదెలకి వేసవిలోనే పడ్డాయి. లంక గేదెలు వచ్చేసరికి నా దగ్గర వ్యాక్సిన్ అయిపోయింది. తర్వాతి విడతలో వేద్దామనుకున్నాను. అందుకే ఊరి గేదెలు నాలుగు రోజులు నలతపడి తేరుకుంటే, లంక గేదెలు లేవలేకపోయాయి. చూసేవాళ్లకి జబ్బంతా గుడిసెల దగ్గరే ఉన్నట్టు కనిపించింది. వాళ్లే తెచ్చారన్న మాట రెండు రోజుల్లో ఊరంతా పాకింది.

పుండుని చూసి అది ఎన్నాళ్లదో మేం చెప్పగలం. దాన్ని లీజన్ ఏజింగ్ అంటారు. పొక్కు పగలకుండా ఉంటే ఒకటి రెండు రోజులది. కొత్త చర్మం కమ్ముతుంటే వారం దాటింది. అన్నిటికంటే పాత పుండు ఏ పశువుకి ఉంటే, ఊళ్లో జబ్బు అక్కడ మొదలైందని అనుకోవచ్చు. ఇంటింటికీ తిరిగి నోళ్లు తెరిచి చూశాను. నాంచారమ్మ గేదె నాలుక మీద పొక్కులు అప్పుడే లేచాయి. సాంబశివరావుగారు సంత నుంచి కొత్తగా తెచ్చుకున్న ముర్రా గేదె నోరు మాత్రం దాదాపు మానిపోయింది. అవి పది రోజుల పైబడిన పుండ్లు. గేదె తాడు పట్టుకుని ఆయన నా పక్కనే ఉన్నారు. నేనేమీ అనలేదు. ఆయనా అడగలేదు.

మర్నాడు పొద్దున పంచాయతీ ఆఫీసు దగ్గరికి నన్ను పిలిపించి, జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమన్నారు. లంకవాళ్లు ఒక పక్కన నిలబడ్డారు. సాంబశివరావుగారు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పేరు చెబితే ఆ గుడిసెలున్న స్థలం వాళ్లకి దక్కదేమోనని భయపడ్డాను. భయం అదొక్కటే అని ఇప్పుడు చెప్పుకోలేను. ఆయన మాట మీద నడిచే ఊళ్లో నేనింకా ఉద్యోగం చేయాలి.

"గాలికుంటు గాల్లో కూడా వస్తుందండీ. ఫలానావాళ్ల వల్లేనని చెప్పలేం," అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ నాకు తెలిసిందీ అది కాదు. లంక గేదెలు కాలవ రేవులో దిగకూడదని ఆ పూటే నిర్ణయించారు. ఆపితే అన్నిటినీ ఆపాలని నేనంటే, ఊరివి తేరుకున్నాయిగా అన్నారు. పాలకేంద్రంలో లంకవాళ్ల పాలు తీసుకోవడం ఆగింది. తర్వాత కలుపుకి పిలవడమూ ఆగింది.

పంచాయతీ దగ్గర ఆ మాట జరిగిన నాలుగో రోజున నాంచారమ్మ దూడ చనిపోయింది. నేను వెళ్లేసరికి తల్లి దాన్ని నాకుతోంది. పర్మాంగనేట్ నీళ్లతో గేదె నోరు కడిగి, పుండ్లకి మందు రాసి, ఇంజెక్షన్ ఇచ్చాను. నాంచారమ్మ బోరింగు దగ్గర నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చి గేదె ఒంటి మీద పోస్తోంది. పోస్తూనే, నా వైపు చూడకుండా అడిగింది.

"అందరి గేదెల నోళ్లూ చూశారు గదమ్మా. మాదానికే ముందొచ్చిందా?"

"కాదమ్మా."

"ఆ మాట అక్కడ అనకపోయారా."

నేను బ్యాగు సర్దుకుని వచ్చేశాను.

కార్తీకం వెళ్లేలోపు పదకొండు కుటుంబాలూ మిగిలిన పశువుల్ని బేరగాళ్లకి అమ్ముకుని తలో దారీ పట్టాయి. ఆ తర్వాత వారానికి సాంబశివరావుగారి ఇంటికి వెళ్లి, జబ్బు ముందు ఆయన ముర్రాకే వచ్చిందని చెప్పాను. ఆయన తల వంచుకున్నారు.

"తెలుసండీ. తెచ్చిన మూడో రోజునే మేత ముట్టలేదు, చొంగ నేనే తుడిచాను. ఆ పొద్దున మీరు చెప్తారనే కూర్చున్నాను డాక్టరుగారూ. చెబితే ఒప్పుకునేవాణ్ణి. మీరు చెప్పకపోయేసరికి, నాకూ నోరు రాలేదు."

ఆయన చెడ్డ మనిషి కాదు. తర్వాత ఊళ్లో అందరికీ తనే చెప్పారు కూడా. వినవలసినవాళ్లు అప్పటికి ఊళ్లో లేరు.

మరుసటేడు మచిలీపట్నంలో నాంచారమ్మ ఉన్నచోటు వెతుక్కుంటూ వెళ్లాను. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తోంది. వేళ్లు పాసిపోయి ఉన్నాయి. నా తప్పు ఒప్పుకున్నాను. సాంబశివరావుగారు మళ్లీ రమ్మంటున్నారనీ చెప్పాను. ఆవిడ చేతిలోని రొయ్య ఒలుస్తూనే అంది.

"మమ్మల్ని ఎవురూ పొమ్మన్లేదమ్మా. అన్నం పెట్టినోళ్లే ఎదురుపడితే తల తిప్పుకునేవోళ్లు. అది చూసుకుంటా ఎన్నాళ్లుంటాం? ఇంక అక్కడ నాకేం ఉందని రాను?"

చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎక్కడ గాలికుంటు వచ్చినా, పాత పుండు ఎవరి పాకలో ఉందో నలుగురిలో చెబుతాను. బయటి నుంచి మందలు వస్తే విడత కోసం చూడకుండా ఎక్కడో ఒకచోట నుంచి టీకాలు తెప్పిస్తాను. పోయినేడు ఇంకో ఊళ్లో, కోతలయ్యాక పొలాల్లో దిగిన గొర్రెలవాళ్ల మీదికి అందరూ వెళ్తుంటే, జబ్బు మొదలైంది ఊరి పెద్ద రైతు ఇంట్లోనని ఆయన ఎదుటే చెప్పాను. ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడరు. గొర్రెలవాళ్లు మాత్రం వానలు పడేదాకా అక్కడే ఉన్నారు.