దేవసహాయం ప్రార్థనకు ఆగిపోయిన కంప్యూటర్

సుల్తానాబాద్ బస్టాండు ఎదురుగా దేవసహాయం ముప్పై ఏళ్ళు రేడియోలు బాగు చేశాడు. ఆయన పనితనానికి ఒక్క సాక్ష్యం చాలు. ఎవరో బావిలో పడిన రేడియో తెచ్చిచ్చారు. దేవసహాయం దాన్ని ఎండబెట్టి, తీగలు అతికి, మీట తిప్పగానే అది ముందుగా నాలుగు రోజుల కిందటి వార్తలు చదివింది. పడిన పూట లోపల మిగిలిపోయినవి. మర్నాడు వాన పడుతుందని అందులో ఉంది. అప్పటికే పడి వెలిసిన వాన కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు.

ఆయనది మెథడిస్టు కుటుంబం. ఏ సామాను బాగు చేసినా, మూత బిగించే ముందు స్విచ్చి ఆపి, చేతులు జోడించి, కళ్ళు మూసుకొని చిన్న ప్రార్థన చేసేవాడు. చిన్నదంటే, పక్క హోటల్లో బాలమల్లు ఒక గిన్నెడు చాయ్ కాచి దించేంత.

తొంభై ఆరు నాటికి రేడియోలు మూలకు చేరాయి. టీవీలు కరీంనగర్ పోతున్నాయి. దేవసహాయానికి టేబుల్ ఫ్యాన్లు మిగిలాయి, అవీ ఎండాకాలమే. అలాంటి సమయంలో, దసరా వెళ్ళిన మూడో రోజున, దయాకర్‌రావు టైపు సెంటర్లో ఊరి మొదటి కంప్యూటర్‌కు పవర్ సప్లై కాలిపోయింది. దయాకర్‌రావు కొత్తది తెప్పించాడు. బిగించే పని దేవసహాయం అడిగి మరీ తీసుకున్నాడు.

"సాయంత్రం దాంక చూస్త దేవసహాయమన్నా," అన్నాడు దయాకర్‌రావు. "కాకపోతే ఆరింటి బస్సు మీద కరీంనగర్ పంపుడే. ఆడ సర్టిఫికెట్లున్నోళ్ళున్నరు."

ఈ డబ్బా బస్సెక్కితే, ఊళ్ళోకి రాబోయే డబ్బాలన్నీ దాని వెనకాలే బస్సెక్కుతాయని దేవసహాయానికి తెలుసు.

పాత పవర్ సప్లై ఊడదీసి కొత్తది పెట్టాడు. రెండు గుత్తుల తీగలను నల్లవి పక్కపక్కనే వచ్చేలా జాగ్రత్తగా గుచ్చాడు. స్విచ్చి వేశాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆపి, ప్రార్థన చేసి, మూత బిగించి, మళ్ళీ వేశాడు. లోపల ఫ్యాను తిరిగింది, డబ్బా కుయ్ కుయ్‌మంది, తెర మాత్రం నల్లగానే ఉంది.

మూత తీశాడు. ఆ కుయ్ కుయ్ మెమరీ గురించేనని దానితో వచ్చిన పుస్తకంలో ఉంది. దువ్వెనంత మెమరీ పలకను పీకి, ఊది, మళ్ళీ నొక్కాడు. నడిచింది. ఆపి, ప్రార్థన చేసి, మూత పెట్టాడు. ఆగింది.

మరో రెండుసార్లు అదే వరస. తెరిస్తే నడుస్తుంది, మూస్తే ఆగుతుంది.

చాయ్ గ్లాసులతో వచ్చిన బాలమల్లు కాసేపు చూశాడు. "మామా, దానికి ఉక్కపోస్తుందేమో. మూత లేకుంటనే ఉండనీ."

"ఎలుకలు జొర్రవా?" అన్నాడు దయాకర్‌రావు.

"జొర్రనీ పటేలా. అవి గూడ టైపు నేర్చుకుంటయ్."

పక్క కుర్చీలో దయాకర్‌రావు తల్లి రాధాబాయి కూర్చొని ఉంది. వచ్చేపోయేవాళ్ళ చేతుల్లో దసరా బంగారమని జమ్మి ఆకు పెట్టి, వాళ్ళు కాళ్ళు మొక్కితే దీవిస్తోంది. "జర నిమ్మలంగ జెయ్యనియ్యిండ్రి ఆయన్ని," అంది.

అయిదయింది. నడవడానికీ ఆగడానికీ మధ్య తాను చేస్తున్న పనులేమిటని దేవసహాయం లెక్క వేసుకున్నాడు. రెండే. మూత ఒకటి, ప్రార్థన ఒకటి. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలన్నది రేడియోల నాటి నియమం. మూత మానడానికి లేదు. మనసు రాయి చేసుకొని, ప్రార్థన లేకుండా టక్కున మూత బిగించాడు.

కంప్యూటర్ బ్రహ్మాండంగా నడిచింది.

"శభాష్!" అన్నాడు దయాకర్‌రావు.

దేవసహాయానికి ఆ మెప్పు చెవికెక్కలేదు. ఇన్నేళ్ళూ తన రేడియోలు ప్రార్థన వల్ల నడిచాయా, ప్రార్థనను తట్టుకొని నడిచాయా? ఆ మాట తేలకుండా ఇంటికి పోయి భార్య ఎలీసబెతు వడ్డించిన అన్నం తినడం ఆయన వల్ల కాదు. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"నడుస్తున్నదాన్ని ఎందుకిప్పుతున్నవే!" దయాకర్‌రావు కేక పెట్టాడు. "బస్సు వచ్చే టైమయింది. ఇప్పుడాగితే నాకు ఇంక తెల్వది, బస్సెక్కిస్త!"

"ఎక్కియ్యిండ్రి సార్. గిదొక్కటి చూడాలె."

స్విచ్చి ఆపి, మూత తీసి, చేతులు జోడించాడు. ఈసారి ఒక కన్ను సగమే మూశాడు.

పక్క కుర్చీలోంచి ముడతల చెయ్యి ఒకటి మెల్లగా వచ్చింది. కొంగు ముడిలోంచి జమ్మి రెమ్మ తీసి, మెమరీ పలక కిందికి దోపింది. పలక వడ్ల గింజంత లేచింది. పచ్చ పలక కింద పచ్చ ఆకు. పెట్టే చెయ్యిని చూడకపోతే దేవసహాయం కళ్ళద్దాలకు కనబడే వీలే లేదు. వెతికితే డబ్బా అడుగున ఇంకో నాలుగు రెమ్మలు దొరికాయి.

"దొర్సానమ్మా!"

"ఏందయ్యా? కొత్త సామాను లోపలికొచ్చింది, బంగారం వెట్టద్దా? నీ మొక్కు నువ్వు మొక్కుతున్నవ్, మా ఇంటి దిక్కు నుంచి నేను వెడ్తున్న. నువ్వు ఇప్పినప్పుడల్ల పడిపోతనే ఉన్నది, మళ్ళ వెడ్తనే ఉన్న."

"అవ్వా!" అని దయాకర్‌రావు తల పట్టుకున్నాడు.

దేవసహాయం మాత్రం ఏళ్ళ తరబడి జబ్బు పడి లేచినవాడిలా నిట్టూర్చాడు. "ఏమనకుండ్రి సార్. ఆమె జేసింది మంచి పనే, జాగ తప్పింది." రెమ్మను మూత లోపలి వైపున నల్ల టేపుతో అంటించాడు. పలకను సరిగ్గా నొక్కాడు. "దొర్సానమ్మా, ఇప్పుడు మీరు గూడ చేతులు జోడించుండ్రి. రెండు చేతులు. మా దాంట్ల పక్కనున్నోళ్ళు గూడ జోడించాలె."

మెథడిస్టుల్లో అలాంటి నియమం ఉన్నట్టు అంతకు ముందు ఎవరూ వినలేదు. రాధాబాయి చేతులు జోడించింది. బాలమల్లు కూడా గ్లాసులు కింద పెట్టి జోడించాడు. దేవసహాయం రెండు కళ్ళూ మూసుకొని, ఎప్పటికన్నా కొంచెం పొడుగ్గా ప్రార్థన చేసి, మూత బిగించి, స్విచ్చి వేశాడు.

బయట ఆరింటి బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ లోపలికి తొంగి చూసి, "సామానేదో ఉందంటిరి?" అని అడిగాడు.

"లేదు, పో," అన్నాడు దయాకర్‌రావు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

డబ్బా కోసం బస్సు మీద ఉంచిన జాగాలోకి రెండు మేకపిల్లల్ని ఎక్కించి, కండక్టర్ విజిల్ వేశాడు.