ఒక నెంబరుకు ఒక మనిషి

నేను రాసిన టెస్టులన్నీ పచ్చగా వచ్చిన రోజు, నా అంత తెలివైనది వికారాబాద్ మొత్తంలో లేదనుకున్నాను. ఇంట్లో కూర్చుని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాండూరులో ఒక డయాలిసిస్ సెంటర్ కోసం, రోగులు ఊళ్ల నుంచే తమ వంతు రాయించుకునే వెబ్‌సైట్ చేశాం. తెరమీద కనబడేది వేరేవాళ్లు చూశారు, వెనక సర్వర్‌లో నడిచేదంతా నాది. అందులో ఒక్కో ముక్కనూ విడిగా తీసుకుని, ఇది ఇస్తే అది రావాలి అని అడిగి చూసే చిన్న ప్రోగ్రాములే యూనిట్ టెస్టులు. జవాబు సరైతే పచ్చ, కాకపోతే ఎరుపు. నావి అరవైకి పైనే. ఒక్క ఎరుపు లేదు. టెస్టులు ఎగ్గొట్టే తోటివాళ్లను ఎంత ఏడిపించానో నాకే తెలుసు.

వెబ్‌సైట్ మొదలైన వారానికి, ఎలా నడుస్తోందో చూద్దామని పొద్దుటి రైలెక్కి తాండూరు వెళ్లాను. నలుగురూ మెచ్చుకుంటారన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు.

కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. కాళ్లు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. నర్సు జాబితా రెండోసారి చూసింది.

"నీ పేరు లేదు పెద్దమ్మా. మిషన్లు గూడ ఖాళీ లేవు."

"ఎందుకుండది? మా ఊరి ఆశమ్మ రాసింది. ఉన్నదని ఫోన్ల సూపెట్టింది గద," అంది ఆవిడ, మాటమాటకూ ఆయాసపడుతూ.

జాబితా నాది కనుక ముందుకెళ్లాను. ఆ ఊరి ఆశా కార్యకర్తకు అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"మా ఊర్లె ఇద్దరున్నరు మేడం, ఇద్దరికీ ఫోన్ లేదు. ఇద్దరికీ నా నెంబరే ఇచ్చిన. రెండోసారి కొడితే, ఈ నెంబరు ఇప్పటికే నమోదై ఉంది అని వచ్చింది. ఇంక పేరు రాసుడు అయిపోయిందనుకున్న," అందామె.

ఆ వాక్యం నాది. ఒకే నెంబరుతో రెండో మనిషి వస్తే తీసుకోవద్దని నియమం పెట్టింది నేను. నిజంగానే తీసుకోవడం లేదా అని చూసే టెస్టు రాసిందీ నేనే. ఈవిడను కాదన్న రోజు కూడా ఆ టెస్టు పచ్చగానే వచ్చింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. నేను పుట్టింది పూడూరు దగ్గర. బడి ఫారాల్లో మా ఇంటి నెంబరని రాసింది కిరాణా కొట్టు సేటుది. మా వాడలో పదిళ్లకు అదే నెంబరు. అంటే ఇది నాకెవరో వచ్చి చెప్పాల్సిన సంగతి కాదు. చేతికి రెండు ఫోన్లు వచ్చేసరికి ఎలా మరిచిపోయాను? అప్పట్లో ఈ వెబ్‌సైటే ఉంటే మా అమ్మ పేరు కూడా తీసుకునేది కాదు.

వరండాలో బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, ముందు టెస్టును తిరగరాశాను. ఒకే నెంబరు, ఇద్దరు మనుషులు, ఇద్దరికీ వంతు దొరకాలి. ఎరుపు వచ్చింది. కోడ్ మార్చాక పచ్చబడింది. సర్వర్‌కు ఎక్కించాను. ఆవిడ పేరు జాబితాలోకి వచ్చింది, కానీ పేరు వస్తే మిషన్ ఖాళీ అవుతుందా? మధ్యాహ్నం దాకా ఆగాలన్నారు.

ఆవిడ పక్కన కూర్చుని, ఇదంతా నేను చేసిన తప్పువల్లేనని చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ ఊపిరి కూడదీసుకుని నా చెయ్యి నిమిరింది.

"నీదేం తప్పు బిడ్డా. ఫోన్ లేకుంట వచ్చుడు నాదే తప్పు. మల్ల వచ్చేటప్పుడు ఎట్లన్న ఒకటి కొనుక్కొని వస్త."